రెయినేరియో ఆపని మెషిన్

మా ఆయన అనకూడదు, కోర్టు మమ్మల్ని విడగొట్టి ఏడేళ్ళయింది. అయినా ఒకే గదిలో ఉంటున్నాం. మా ఊరు మతాంజాస్‌లో విడిపోయినవాళ్ళలో చాలామంది ఇలాగే ఉంటారు. కాగితం మీద విడిపోవడానికి జడ్జి చాలు, గోడ లేపాలంటే సిమెంటు కావాలి. మాకు సిమెంటు దొరకలేదు కాబట్టి పెళ్ళినాటి అలమారాను గది మధ్యలో నిలబెట్టాం. దాని అద్దం రెయినేరియో వైపు వచ్చింది, వీపు నా వైపు వచ్చింది. మా ఇద్దరి సంగతీ తెలిసినవాడెవడో పంచిపెట్టినట్టే కుదిరింది.

ఆ అద్దం కింద బల్ల, బల్ల మీద అతని మెషిన్. పారేసిన నాలుగు కంప్యూటర్ల ముక్కలు ఏరి ఒక్కటిగా కట్టాడు. పైన మూత లేదు, లోపలి పేగులన్నీ కనిపిస్తుంటాయి. దాంట్లో విండోస్ బదులు లినక్స్ వేసుకుని, ఏ మరమ్మతు వచ్చినా తన చేత్తోనే చేసుకుంటాడు. అందుకు నేను తప్పు పట్టను. మనిషన్నాక ఏదో ఒకదాన్ని చక్కగా చూసుకోవాలి, పెళ్ళాన్ని చూసుకోనివాడు కంప్యూటర్నయినా చూసుకోనీ. నా ఏడుపల్లా ఏమిటంటే, దాన్ని ఆపడు.

మా ఊళ్ళో కరెంటు చుట్టపుచూపుగా వస్తుంది. అలాంటి ఊళ్ళో ఈ మహానుభావుడు మూడేళ్ళుగా మెషిన్ ఆపలేదు. లారీ బ్యాటరీలు రెండు తెచ్చి బల్ల కింద పెట్టి, ఇన్వర్టర్ తగిలించి, క్లిప్పులు బిగించాడు. కరెంటు పోయినప్పుడల్లా నా వైపు ఫ్రిజ్ చచ్చి ఊరుకుంటుంది. రేషన్ కోటాలో వచ్చిన కోడిమాంసం వాసన కొడుతుంది. అలమారాకి అవతల మాత్రం ఫ్యాను గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఒకసారి మాంసం పాడవుతోందని, కాసేపు ఆ బ్యాటరీకి ఫ్రిజ్ తగిలించమని అడిగాను. "ఫ్రిజ్ లాగే కరెంటుకి మెషిన్ పడిపోతుంది మిగ్దా, దాని లెక్క పోతుంది," అన్నాడు. దేని లెక్క అని అడిగితే, ఆపకుండా ఎన్నాళ్ళు నడిచిందో దాని లెక్కట. కోడిమాంసం పారబోశాం. లెక్క క్షేమంగా ఉంది.

ఆ లెక్క దేనికి పనికొస్తుందో ఆదివారం డొమినో పలకలు ఆడే బల్ల దగ్గర చూడాలి. ఇతనిలాంటి వాళ్ళే మరో ముగ్గురున్నారు. ఆట మొదలుపెట్టే ముందు ఎవరి మెషిన్ ఎన్నాళ్ళుగా ఆగలేదో ఒక్కొక్కరే చెప్పుకుంటారు. ఎవరిది ఎక్కువైతే వాళ్ళు మొదటి పలక వేయాలి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. వీళ్ళలో వెనకవీధి ఎవెలియో ఒక్కడే ఇతనికి పోటీ. అతనిది ట్రాక్టరు బ్యాటరీ.

"ఏం ఎవెలియో, మొన్నటి గాలివానకి నీది పడిపోయిందటగా?" అంటాడు రెయినేరియో.

"పడలేదు. కాస్త తూగింది."

"తూగితే పడినట్టే."

"నీ కాపురం తూగి తూగి ఎన్నాళ్ళకి పడింది, అది లెక్కలో వేశావా?" అంటాడు ఎవెలియో. అందరూ నవ్వుతారు, ఇతను కూడా నవ్వుతాడు. మొదటి పలక తనదే కదా, ఇంక దేనికైనా నవ్వొచ్చు.

మార్చి నెలలో ఒక రోజు పొద్దున్నే వంటింట్లోకి వచ్చాడు. వంటిల్లు ఇద్దరిదీ, దాన్ని విడగొట్టడానికి అలమారా లేదు. శెనగపొడి కలిపిన కోటా కాఫీ నేను వడకడుతున్నాను. అతని ముఖం వెలిగిపోతోంది. అంతకుముందు సాయంత్రం యూనివర్సిటీలో ఉన్న స్నేహితుడి దగ్గర్నుంచి పెద్ద డిస్కు తెచ్చుకున్నాడని నాకు తెలుసు. లినక్స్‌కి కావాల్సిన కొత్త సరుకంతా అందులో నింపుకుని, వీళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఇళ్ళకు మోసుకుపోతారు.

"మిగ్దా, కెర్నెల్ మార్చేశాను," అన్నాడు.

"అంటే?"

"మెషిన్‌కి గుండెలాంటిదనుకో. పాతది తీసేసి కొత్తది పెట్టాను. మెషిన్ ఆపకుండానే."

"గుండె కోస్తూ మనిషిని నడిపించావా?"

"చేయి తిరిగిన పనంటే అదే మరి." నేను అడక్కుండానే కాఫీ పోసుకున్నాడు. "మధ్యలో అది నన్ను ఆపబోయింది కూడా. ‘నువ్వు తీసేయమంటున్నది ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్‌నే, తీసేయడం ఆపేయమంటావా’ అని అడిగింది. వద్దు, కానివ్వు అన్నాను."

"అంత వివరంగా అడిగాక కూడానా?"

"అది పిరికివాళ్ళ కోసం పెట్టిన ప్రశ్న. డిస్కులో చోటెక్కడుంది? అయినా పాతదాన్ని మూలన దాచుకునేవాడికి తన పని మీద తనకే నమ్మకం లేనట్టు."

"మరి ఆపి మళ్ళీ వెయ్యక్కర్లేదా? నా ఫోను అలాగే అడుగుతుంది."

జాలిగా చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. "రీస్టార్ట్ కొట్టడం విండోస్ వాళ్ళ జబ్బు మిగ్దా," అన్నాడు.

కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడి కథ చంటిపిల్లలకు కూడా తెలుసు. పాపం ఆ కథలోవాడికి చెప్పేవాళ్ళు లేరు. ఇతన్ని కొమ్మే నోరు తెరిచి అడిగింది, నరికించుకుని మరీ కాఫీ తాగాడు.

తర్వాత ఏమీ కాలేదు. మెషిన్ నడుస్తూనే ఉంది. రెండు ఆదివారాలు మొదటి పలక వేసి వచ్చాడు. డొమినో బల్ల దగ్గర ఈ గుండె ఆపరేషన్ గురించి ఎంత చెప్పుకున్నాడో, మెట్ల మీద ఎదురైనప్పుడు ఎవెలియో నాకు దణ్ణం పెట్టి, "సర్జన్ గారు ఇంట్లో ఉన్నారా?" అని అడిగాడు.

ఆ వారంలోనే, కరెంటు పొద్దుట పోయి మధ్యాహ్నమైనా రాని రోజున, కింది వాటాలో ఉండే నెరెయిదా పైకి వచ్చింది. నెరెయిదా కూతురు అరిస్‌లెయిదీకి పదిహేనేళ్ళు నిండుతున్నాయి. మా దగ్గర ఆడపిల్లకు పదిహేనంటే ఫోటోలు తీయించాలి. పెళ్ళి ఫోటోలు లేకపోయినా ఫరవాలేదు కానీ అవి లేకపోతే ఆ పిల్ల పుట్టనట్టే లెక్క. నెరెయిదా రెండేళ్ళు పస్తులుండి మూడు గౌనులు అద్దెకు తెచ్చింది, ఫోటోగ్రాఫర్ని పిలిపించింది. అతను ఫోటోలన్నీ ఒక పెన్ డ్రైవ్‌లో వేసి చేతిలో పెట్టాడు. వారం తిరక్కుండా కెమెరా అమ్ముకుని, నికరాగ్వా విమానం ఎక్కి దేశం వదిలి పోయాడు. కాబట్టి ఆ ఫోటోలు భూమ్మీద ఆ ఒక్క పెన్ డ్రైవ్‌లోనే ఉన్నాయి. నెరెయిదా దాన్ని రిబ్బనుకి కట్టి మెడలో వేసుకుని, జాకెట్టు లోపల దాచుకుని తిరుగుతోంది.

"మాస్టారూ, మీ మెషిన్లో దీనికి ఇంకో కాపీ వేసి ఉంచండి," అని బతిమాలింది. "ఒక్కదాంట్లోనే ఉన్నాయంటే నాకు నిద్ర పట్టట్లేదు. వీధంతా కరెంటు లేదు, ఒక్క మీ దగ్గరే ఫ్యాను చప్పుడు వినబడుతోంది."

మాస్టారు అనేసరికి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. నేను అలమారాకి ఇవతల చేటలో బియ్యం ఏరుకుంటున్నాను. అలమారాకీ గోడకీ మధ్య జానెడు సందు ఉంది. అందులోంచి చూస్తే అతని కుడిభుజం, తెరలో సగం కనిపిస్తాయి. వద్దన్నా కనిపిస్తాయి.

పెన్ డ్రైవ్ పెట్టాడు. దాని దీపం వెలిగింది. "అదిగో, పేరు కనిపిస్తోంది," అన్నాడు. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. "తెరవనంటోందేంటి?" తీసి, చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ దీపం వెలిగింది, మళ్ళీ పేరు వచ్చింది, లోపలికి మాత్రం పోనివ్వలేదు. కీబోర్డు మీద వేళ్ళు టపటపా పరిగెత్తాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి. అతను తెర వైపు వంగి, ఏదో చదివి, మెల్లగా వెనక్కి వాలాడు. అప్పుడు అతని చెయ్యి మెడ వెనక్కి వెళ్ళి గోకడం మొదలుపెట్టింది.

ఇరవయ్యేళ్ళ కాపురంలో నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే. రెయినేరియో మెడ గోక్కున్నాడంటే, తప్పు తనదేనని అతనికి తెలిసిపోయిందని అర్థం. బస్సు తప్పినప్పుడు గడియారాన్ని తిడుతూ గోక్కున్నాడు. అన్నం మాడ్చినప్పుడు బియ్యాన్ని తిడుతూ గోక్కున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళను చాలామందిని చూశాను కానీ, మద్దెలకు ఏ లోపం లేదని తెలిసి తెలిసి ఆ మాటనేవాణ్ణి ఇతన్నొక్కణ్ణే చూశాను.

"అమ్మా నెరెయిదా," అన్నాడు, డాక్టర్లు మాట్లాడే గొంతుతో. "లోపం నీ పెన్ డ్రైవ్‌లో ఉంది."

నా చేతిలో బియ్యం అలాగే ఉండిపోయింది. ఈ మాట నేను ఇదివరకు విన్నాను, ఇదే గొంతుతో విన్నాను. మాకు పిల్లలు కలగలేదు. డాక్టరమ్మ నాకు పరీక్షలన్నీ చేసి, నాలో ఏమీ కనిపించలేదు, ఆయన్ని కూడా ఒకసారి పంపమంది. ఆ ఆదివారం వాళ్ళమ్మ ఇంట్లో నల్లచిక్కుళ్ళు, అన్నం తింటుండగా ఆవిడ పిల్లల సంగతి అడిగింది. "లోపం మిగ్దాలో ఉందమ్మా," అన్నాడు. అంతే, ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. చిన్నపిల్లల్ని నాకు ఎత్తుకోవడానికి ఇచ్చేటప్పుడు మాత్రం జాలిగా ఇచ్చేవాళ్ళు. నేను డాక్టరమ్మ మాటకన్నా అతని మాటే నమ్మాను. ఆ జాలిని తలుచుకుంటే ఈరోజుకీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు అతని చెయ్యి ఎక్కడుందో నేను చూడలేదు. తల దించుకుని కూర్చున్నాను.

"ఇప్పుడేం చెయ్యాలి మాస్టారూ?" అంది నెరెయిదా.

"ఫార్మాట్ కొట్టాలి. అంటే దీన్ని శుభ్రంగా కడిగెయ్యడం. ఆ తర్వాత నా దగ్గరున్న ప్రోగ్రాంతో ఫోటోలు వెనక్కి లాగుతాను."

"అన్నీ వస్తాయా?"

"చాలావరకు."

"ఏవి రావు?"

"అది ముందే చెప్పలేం."

"పోనీ కరెంటొచ్చాక ఇంకెవరి మెషిన్లోనైనా పెట్టి చూడనా?"

"పెట్టుకో. దీంట్లో పురుగు పడింది. ఇంకోచోట పెడితే మిగిలినవి కూడా తినేస్తుంది. అప్పుడు మళ్ళీ నా దగ్గరికి రాకు."

"మీకు తెలిసినంత నాకేం తెలుసు? కానివ్వండి మరి," అంది నెరెయిదా.

చేట కింద పెట్టి లేచాను. అలమారా చుట్టూ తిరిగి అటు వెళ్ళాను.

"ఆపు," అన్నాను.

"నీకిక్కడేం పని? నీ వైపు నువ్వుండు. కోర్టు చెప్పింది."

"కోర్టు అలమారాకి చెప్పింది, నాకు కాదు. నీ చెయ్యి మెడ మీదకెందుకెళ్ళింది?"

చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. "చెమట," అన్నాడు.

"ఆ రోజు కెర్నెల్ మార్చాక ఈ మెషిన్ ఒక్కసారైనా ఆపావా?"

"దానికీ దీనికీ సంబంధం లేదు," అన్నాడు. అంటూనే చెయ్యి మళ్ళీ లేచింది, సగం దారిలో గుర్తొచ్చి ఆపుకున్నాడు.

"నెరెయిదా, ఈయన కడిగేది నీ ఫోటోల్ని కాదు, తన తప్పుని. నిజం చెప్పేదాకా ఆ బటన్ నొక్కనివ్వకు."

నెరెయిదా ఏమీ అర్థంకాక ఇద్దర్నీ చూసింది, కానీ చెయ్యి చాచి కీబోర్డుకి అడ్డంగా పెట్టింది. తల్లి కదా. అప్పుడు రెయినేరియో గొణగడం మొదలుపెట్టాడు. అరగంట గొణిగినదాంట్లో సారం పావు నిమిషంలో చెప్పొచ్చు. పాత కెర్నెల్ అనే వంటవాడు ఇంకా పొయ్యి దగ్గరే నిలబడి ఉన్నాడు, వాడి పోపులడబ్బా మాత్రం ఈయన చెత్తలో పారేశాడు. కొత్త వంటవాడు తన డబ్బాతో గుమ్మం బయట కాచుకుని ఉన్నాడు. మెషిన్ ఆపి వేస్తే తప్ప ఆ పాతవాడు కదలడు, ఈ కొత్తవాడు లోపలికి రాడు. స్నేహితుడి డిస్కు లినక్స్ పద్ధతిది, దానికి కావాల్సినవి ముందే డబ్బాలోంచి తీసి ఉన్నాయి కాబట్టి తెరుచుకుంది. లోకంలో మామూలు మనుషులు వాడే పెన్ డ్రైవులు వేరే పద్ధతివి, వాటిని తెరిచే ముక్క ఆ పారేసిన డబ్బాలో పోయింది. పురుగూ లేదు, పుట్రా లేదు.

"అయితే ఆపి వెయ్యండి," అంది నెరెయిదా.

అతను నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మిగ్దా, కాస్త అర్థం చేసుకో. ఎవెలియోది నాకన్నా నాలుగు వారాలే వెనక ఉంది."

"ఎవెలియోకీ మా పిల్ల ఫోటోలకీ ఏంటి సంబంధం?" అని అడిగింది నెరెయిదా.

"ఉంది తల్లీ," అన్నాను. "డొమినోలో మొదటి పలక ఎవరు వెయ్యాలో చూసుకుంటున్నాడు. అదొక పక్క, మీ పిల్ల పదిహేనేళ్ళు ఇంకో పక్క. ఎటు మొగ్గాలో తేలక ఫార్మాట్ అంటున్నాడు."

"అదొక్కటే కాదు," అన్నాడు. ముఖం పాలిపోయింది. "పాత కెర్నెల్ తీసేశాను. కొత్తది ఒక్కసారి కూడా లేపి చూడలేదు. అది లేవకపోతే వెనక్కి వెళ్ళడానికి ఏమీ లేదు. మెషిన్ పోయినట్టే."

"పిరికివాళ్ళ ప్రశ్న అన్నావుగా మొన్న," అన్నాను.

ఇంక మాటలతో పనిలేదనిపించింది. వంగి, బల్ల కింద బ్యాటరీ క్లిప్పు పట్టుకుని పీకేశాను. చిన్న నిప్పురవ్వ ఎగిరింది. తెర నల్లబడింది, ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. మూడేళ్ళలో మొదటిసారి ఆ గదిలో నిశ్శబ్దం వినిపించింది. కింద వీధిలో జామపళ్ళవాడి కేక, నెరెయిదా ఊపిరి, అంతే. రెయినేరియో రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా అంత దుఃఖపడలేదు, నేను పక్కనే ఉన్నాను, నాకు తెలుసు.

క్లిప్పు మళ్ళీ తగిలించాను. "నొక్కు," అన్నాను.

నొక్కాడు. తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలా పరిగెత్తాయి. మధ్యలో ఒకచోట ఆగిపోయాయి. కోబ్రే మేరీమాతకు మొక్కుకుంటూ నెరెయిదా నా చెయ్యి పట్టుకుంది, ఆమె గోళ్ళు నా చర్మంలోకి దిగాయి. మెషిన్ పోతే నాకేం బాధ లేదు, కానీ అది లేవకపోతే ఇతను ఆ పాపం కూడా ఆ పెన్ డ్రైవ్‌కే అంటగడతాడు. తర్వాత అక్షరాలు మళ్ళీ కదిలాయి. కొత్త కెర్నెల్ లేచింది.

పెన్ డ్రైవ్ పెట్టీ పెట్టగానే తెరుచుకుంది. నీలం గౌనులో అరిస్‌లెయిదీ, గొడుగు పట్టుకుని అరిస్‌లెయిదీ, నది వంతెన మీద చెప్పులు చేతిలో పట్టుకుని దేనికో పగలబడి నవ్వుతున్న అరిస్‌లెయిదీ. ఆ ఫోటో దగ్గర నెరెయిదా వెక్కివెక్కి ఏడ్చింది. రెయినేరియో అన్నీ కాపీ చేశాడు.

"చూశావా," అన్నాడు, అప్పటికే గొంతు సర్దుకుంది. "నేను ముందుచూపుతో కొత్త కెర్నెల్ వేసి ఉంచాను కాబట్టి సరిపోయింది. పాతదైతే ఇది జన్మలో తెరుచుకునేది కాదు."

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. సిగ్గనేది కోటాలో ఇచ్చే సరుకైతే ఇతని కార్డు మీద ఇన్నాళ్ళూ ఎవరో ఎత్తుకుపోయి ఉండాలి. అయితే నెరెయిదా ఆ మాట వినలేదు. పెన్ డ్రైవ్‌ని పావడాతో తుడిచి, రిబ్బను సరిచేసి, మెడలో వేసుకుంటోంది.

"అయితే దీంట్లో ఏ లోపమూ లేదన్నమాట," అంది. "మొదట్నుంచీ బాగానే ఉంది. పాపం, ఊరికే దీన్ని ఆడిపోసుకున్నాం."

ఏడేళ్ళలో ఎన్నడూ ముట్టుకోని అతని మంచం మీద కూర్చుండిపోయాను. నెరెయిదా మా ఇద్దరికీ కేకు పంపిస్తానని చెప్పి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

రెయినేరియో ఏదో టైపు చేశాడు. మెషిన్ ఎంతసేపటి నుంచి నడుస్తోందో తెర మీద వచ్చింది. నిమిషాల్లో ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"రెయినేరియో," అన్నాను.

"ఏంటి?"

"ఇందాక తప్పు నీదేనని తెలిశాకే కదా, పెన్ డ్రైవ్‌దని చెప్పావు?"

"ఫోటోలు వచ్చాయి కదా. ఇంకెందుకా గోల?"

"మీ అమ్మ దగ్గర నా సంగతి చెప్పిన రోజు కూడా నీకు ముందే తెలుసా? నాకు చెప్పకుండా వెళ్ళి పరీక్ష చేయించుకున్నావా?"

తెర మీంచి కళ్ళు తీయలేదు. అద్దంలో నేను కనిపిస్తానని కాబోలు, తల కూడా ఎత్తలేదు. "ఎప్పటి ముచ్చటో ఇప్పుడెందుకు తవ్వుతావు?" అన్నాడు. "ఆ డాక్టర్లకి మాత్రం ఏం తెలుసు?"

అతని కుడిచెయ్యి కీబోర్డు మీంచి లేచింది. మెల్లగా భుజం దాటి మెడ వెనక్కి వెళ్ళి, అక్కడ గోకడం మొదలుపెట్టింది. ఈసారి నేను తల దించుకోలేదు, చూస్తూ కూర్చున్నాను.